ఎక్కే బరువు, దిగే బరువు

నగరం పుట్టిన ముప్పై ఒకటో ఏడు, మాఘం 6

పాత పుస్తకం నిండిపోయింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసేవారి వివరాలు ఉండాలని నియమం. నా పేరు సువ్వారి లోలాక్షి. వయసు నలభై మూడు. ఎగువాడ నగరం పై స్టేషనులో తూకం గుమాస్తాని. కొండ కింది మూడు స్టేషన్లలో ఒకటైన రెల్లిగెడ్డ నుంచి తీగ మీద పైకి వచ్చే ప్రతి బుట్టనీ, ఇక్కడి నుంచి కిందికి దిగే ప్రతి బుట్టనీ తూచి రాయడం నా పని. దిగే బరువు ఎక్కే బరువు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడే తీగ తిరుగుతుంది. పైకి వచ్చినవాళ్ళు ఏ పని మీద వచ్చారో కూడా ఒక్క మాటలో రాస్తాను. అది నియమంలో లేదు. తొమ్మిదేళ్ళ కిందట నాకు నేనే చేసుకున్న అలవాటు.

ఈ పొద్దున మంచు బాగా పట్టింది. కొండ అంచున కట్టిన వలల నిండా నీటి చుక్కలు. వలల కింది కాలువ పొంగుతూ చెరువులోకి పారుతోంది. మొదటి గంటలో ఇరవై బుట్టల నీళ్ళు దించాం, బుట్టకి వెయ్యి లీటర్లు. ఆ బరువుకి అటువైపు నుంచి చోళ్ళు, టమాటాలు, బెల్లం దిమ్మలు, ఎనభై నలుగురు మనుషులు పైకి వచ్చారు. దిగిన నీళ్ళు రెల్లిగెడ్డ కాలవల్లో పడి పొలాలకు పోతాయి. పొలాల్లో పండింది మళ్ళీ మా బుట్టల్లోనే ఎక్కుతుంది. సముద్రం తీరపు ఊళ్ళను మింగాక ఈ కొండెక్కిన మొదటి ఆరువందల కుటుంబాలు వేసుకున్న తీగ ఇది. మబ్బు పట్టిన రోజుల్లో మోటారుకి కరెంటిచ్చే ఎండ పలకలు పడుకుంటాయి. నీటి బరువు మాత్రం పడుకోదు.

ఎనభై నలుగురిలో ముప్పై ఒక్కమంది మూటాముల్లెతో వచ్చారు. మళ్ళీ దిగరు. నేనూ అలా వచ్చినదాన్నే. పదిహేడేళ్ళప్పుడు ఒక చాప, ఒక సత్తు గిన్నె పట్టుకుని బుట్ట దిగి, తిన్నగా పంపుల వీధిలోకి నడిచాను. ఆ వీధిలో పంపులు బాగుచేసేవాళ్ళ పక్కనే కుమ్మర్లు, కుమ్మర్ల పక్కనే నేతవాళ్ళు. ఒక కుమ్మరి కాల్చిన నున్నటి మూకుడును చూసి, ఎదురింటి పంపుల మేస్త్రి దాన్ని ఇనుప వాల్వుకు బదులు బిగించాడట. ఇప్పుడు చుట్టుపక్కల కొండలన్నీ ఆ మట్టి వాల్వునే వాడుతున్నాయి. అలాంటివి ఆ వీధిలో పది పుట్టాయి. అదంతా అనుకోకుండా జరిగిందని చాలాకాలం నమ్మాను. కాదు. ఎవరి పక్కన ఎవరు ఉండాలో ఆలోచించి గీత గీసిన మనిషి ఒకరున్నారు. ఆవిడ పేరు కిల్లి దమయంతి. నగర ప్లానింగు ఆఫీసరు.

మాఘం 19

పొద్దున్నే రెల్లిగెడ్డ కింది స్టేషను నుంచి సన్యాసమ్మ పిన్ని ఫోను చేసింది. అక్కడ తూకం ఆవిడదే. తొమ్మిదేళ్ళుగా రోజుకు నాలుగైదుసార్లు ఫోనులోనే మాట్లాడుకుంటాం, ముఖం ఎప్పుడూ చూడలేదు.

“ఒలే లోలాచ్చీ, ఏటే ఇయేల నీళ్ళు సగానికి సగం దింపుతన్నారు? ఇక్కడ బుట్టల్లో సరుకు పెట్టుకోని కూకున్నాం. తీగ నత్తలాగ నడుస్తన్నాది.”

“మూడో మెట్టు మీద కొత్త ఇళ్ళకి కుళాయిలు తెరిచారు పిన్నీ. చెరువులో నీళ్ళు అటు పోతున్నాయి.”

“ఆలు తాగొద్దని నానన్నానేటి? నాయుడోల టమాటా సేను ఎండిపోతన్నాదని సెప్తన్నాను.”

నీటి విభాగానికి చీటీ రాసి పంపాను.

ఫాల్గుణం 11

నాలుగో మెట్టు నమూనాను ఇవాళ స్టేషను హాల్లో పెట్టారు. మా నగరం కొండను మెట్లుగా చెక్కి కట్టింది. ఇప్పటికి మూడు మెట్లు, లక్షా పదివేల మంది. నాలుగో మెట్టు పూర్తయితే ఇంకో ముప్పై వేల మందికి ఇళ్ళు, రెండువందల పనిశాలలు. చెక్కతో చేసిన చిన్న చిన్న ఇళ్ళు, అగ్గిపుల్లంత దీపస్తంభాలు. జనం ఎగబడి చూశారు. రెల్లిగెడ్డ నుంచి వచ్చిన ఒకామె తన పేరు రాయించుకున్న వరస సంఖ్య చెప్పి, తన ఇల్లు ఎక్కడ వస్తుందని అడిగింది.

దమయంతి గారు స్వయంగా వంగి చూపించారు. “ఇదిగో, ఈ మూల. పొద్దుటి ఎండ వస్తుంది. పక్కనే బడి.”

ఆవిడకి యాభై తొమ్మిదేళ్ళు. బక్కపలచని మనిషి, కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు. మాట కటువు. కానీ ఆ పరాయి ఊరి ఆడమనిషితో మాట్లాడినంతసేపూ పక్కన నిలబడ్డ కౌన్సిలు పెద్దలను పట్టించుకోలేదు. వాళ్ళలో ఛైర్మన్ పట్నాయకుని భుజంగరావు గారు కూడా ఉన్నారు. ఆయనకు ప్రింటింగు ప్రెస్సు ఉంది. ఆయన నమూనా చుట్టూ తిరిగి, “పదేళ్ళలో ఈ కొండల్లో మనంత ఊరు ఇంకోటి ఉండదు,” అన్నారు. ఆ మాటకి నా ఒళ్ళు పులకరించిందని ఒప్పుకోవాలి.

చైత్రం 3

స్టేషను వెనక అత్యవసరానికి దాచిన రాళ్ళగుట్ట ఉండేది. నీళ్ళు చాలనప్పుడు బుట్టల్లో వేసి దించడానికి. ఇవాళ మేస్త్రీలు వచ్చి నాలుగో మెట్టు పునాదికని ఎత్తుకుపోయారు. కౌన్సిలు కాగితం చూపించారు. కాగితంలో ‘వానాకాలంలోపు తిరిగి నింపబడును’ అని ఉంది.

అభ్యంతరం రాసి పంపాను. జవాబు రాలేదు.

చైత్రం 22

మాఘంలో రోజుకు నూట అరవై బుట్టలు తిరిగేవి. ఇప్పుడు తొంభై ఆరు. మంచు తగ్గే కాలమే, నిజం. కానీ పోయినేడు ఇదే వారం నూట నలభై.

దిగే నీళ్ళు తగ్గాయి కాబట్టి ఎక్కే చోళ్ళు తగ్గాయి. అంగడిలో టమాటా కనబడటం లేదు. ఇంకో వింత: సరుకు తగ్గినకొద్దీ మనుషులు పెరుగుతున్నారు. ఎండిన పొలం వదిలేసి మూట కట్టుకుని వచ్చేస్తున్నారు. వాళ్ళు ఇక్కడ కుళాయి తిప్పితే చెరువు ఇంకా తగ్గుతుంది. రేపు దిగే నీళ్ళు ఇంకా తగ్గుతాయి. ఎల్లుండి ఇంకో పొలం ఎండుతుంది.

నా పుస్తకంలో ఉన్నవన్నీ నిజాలే. కానీ చదివేవాళ్ళెవరు?

వైశాఖం 9

ఇవాళ జరిగింది పూర్తిగా రాస్తాను.

ఉదయం పదిన్నరకి సన్యాసమ్మ పిన్ని ఫోను. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం ఇవాళ లేదు.

“లోలాచ్చీ, మజ్జోల నీలవేణిని కట్లపాము కరిసినాది. ఆ మందు మీ ఆస్పత్రిలోనే గదే ఉన్నాది. బుట్టలో పడుకోబెట్టి పంపీసినాను. డాక్టరు బాబుని టేసనుకి రమ్మను.”

డాక్టరుకి కబురు పంపాను. పది నిమిషాలు గడిచాక తీగ ఆగిపోయింది.

పరుగెత్తి గట్టు మీదికి వెళ్ళి చూశాను. నీలవేణి ఉన్న బుట్ట నాలుగువందల గజాల దూరంలో లోయ మీద వేలాడుతోంది. అందులో ఆమె, ఇంకో పదిమంది. దిగుతున్న వైపు బుట్టలన్నీ సగం సగం నీళ్ళవే. రెండువైపులా బరువు సరిసమానమైపోయింది. వెనక్కి జారకుండా పళ్ళచక్రం పట్టి ఉంచింది కానీ ముందుకు రాదు. ఆకాశమంతా మబ్బు. ఎండ పలకల మోటారు మూలిగి ఊరుకుంది. చెరువు తూము దగ్గర నీళ్ళు లేవు. రాళ్ళగుట్ట ఉండాల్సిన చోట ఖాళీ నేల.

గట్టు మీద మూడు ఖాళీ బుట్టలున్నాయి. వాటిలో బరువు వేసి దిగేవైపు తగిలిస్తే చాలు, తీగ కదులుతుంది. ఏం వెయ్యాలి? మా హమాలీ గౌరీశు పునాది నుంచి రాళ్ళు మోసుకొస్తానన్నాడు. గంటన్నర పడుతుంది. కట్లపాముకి అంత ఓపిక ఉండదు.

అప్పుడు హాల్లో ఉన్న జనం కనబడ్డారు. చుట్టాల కోసం ఎదురుచూసేవాళ్ళు, విద్యార్థులు, మంగలి కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న మనిషి. నేను తూకం బల్ల ఎక్కి అరిచాను.

“పాము కరిచిన అమ్మాయి తీగ మీద ఆగిపోయింది. దిగడానికి బరువు లేదు. బుట్టకి పన్నెండు మంది, మూడు బుట్టలు. మీరెక్కి కిందికి వెళ్తే ఆ అమ్మాయి పైకి వస్తుంది. మళ్ళీ మిమ్మల్ని ఎప్పుడు పైకి తేగలనో నాకు తెలీదు. ఇవాళ మాత్రం కాదు.”

ఎవరూ కదల్లేదు. ఒక ముసలాయన, “దిగితే ఎక్కడుంటాం?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

వెనక నుంచి ఎవరో జనాన్ని తోసుకుంటూ వచ్చారు. దమయంతి గారు. నాలుగో మెట్టు పునాది చూడ్డానికి వచ్చారట, చెప్పులకి సున్నం అంటి ఉంది. బల్ల దగ్గర ఆగి, “యాభై ఎనిమిది కిలోలు. రాసుకో,” అని మొదటి బుట్టలో ఎక్కి కూర్చున్నారు. చేతిలో ఉన్న నక్షాల చుట్టను కూడా ఒళ్ళో పెట్టుకున్నారు. “ఇది ఒక కిలో ఉంటుంది. ఇదీ రాయి.”

ఎవరో నవ్వారు. తరవాత ముసలాయన ఎక్కాడు. కాలేజీ అమ్మాయిలు ఆరుగురు ఒకరి చేతులొకరు పట్టుకుని ఎక్కారు. సగం గడ్డం మనిషి మెళ్ళో గుడ్డతోనే వచ్చేశాడు, వెనకాలే మంగలి కూడా. ఎనిమిది నిమిషాల్లో మూడు బుట్టలూ నిండాయి. ముప్పై ఆరు మంది, రెండు వేల నూట పది కిలోలు. నేనూ, గౌరీశూ, ఇంకో ఇద్దరూ చేతిచక్రం పట్టి తిప్పాం. మొదటి బుట్ట గట్టు అంచు దాటి కిందికి వంగింది. తీగ కిర్రుమంది. చక్రం మీద చెయ్యి తీస్తే ఆగిపోతోంది. రెండోది దాటింది. మూడోది దాటుతుంటే చక్రం మా చేతుల్లోంచి తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది.

నీలవేణి బుట్ట పదకొండు నిమిషాల్లో గట్టు చేరింది. డాక్టరు అక్కడే సూది వేశాడు. కనురెప్పలు అప్పటికే వాలిపోయాయి. ఊపిరి గొట్టం పెట్టి తీసుకెళ్ళారు.

నా అరచేతులు దోక్కుపోయాయి. రాత సరిగా లేకపోతే కారణం అదే.

వైశాఖం 10

నీలవేణి కళ్ళు తెరిచింది. మొదటి మాట, “సేనుకి నీళ్ళెట్టినారా?” అని అడిగిందట.

వైశాఖం 13

దిగిన ముప్పై ఆరు మందిలో ముప్పై ఐదుగురిని మూడు రోజుల్లో విడతలుగా పైకి తెచ్చాం. రెల్లిగెడ్డ వాళ్ళు తలా ఇద్దరిని ఇళ్ళకి తీసుకెళ్ళి పెట్టుకున్నారట. తమ దగ్గర ఉన్న చోడి అంబలి, ఎండుచేపల పులుసు పెట్టారట. మంగలి అక్కడే ఉండి మూడు రోజుల్లో నూట ఇరవై తలలు చూసి వచ్చాడు. రెల్లిగెడ్డలో రెండేళ్ళుగా మంగలి లేడు. ఉన్నవాడు ఎగువాడకి ఎక్కేశాడు.

దమయంతి గారు మాత్రం రాలేదు. పిన్నిని అడిగాను.

“నా మంచమ్మీదే తొంగుంటన్నాది. పగలంతా సేలమ్మట తిరుగుతాది. అడుగుతాది, రాస్తాది, మళ్ళీ అడుగుతాది. నిన్న మూసీసిన బడికాడ గంటసేపు కూకుంది. అన్నం బాగా తింటాది, నువ్వేటీ బెంగెట్టుకోకు.”

వైశాఖం 20

పదకొండు రోజుల తరవాత దమయంతి గారు పైకొచ్చారు. ముఖం ఎండకి కమిలింది. బుట్ట దిగి ఇంటికి వెళ్ళకుండా నా గదిలోకి వచ్చారు.

“నువ్వు ఎక్కినవాళ్ళ పని కూడా రాస్తావట కదా. సన్యాసమ్మ చెప్పింది. ఎన్నేళ్ళవి ఉన్నాయి?”

“తొమ్మిదేళ్ళవమ్మా.”

“ఇవ్వు.”

సాయంత్రం దాకా అక్కడే కూర్చుని చదివారు. నేను టీ ఇస్తే చల్లారిపోయింది. చివరికి పెన్సిలు కింద పెట్టారు.

“వంద మంది ఎక్కితే అరవై ఇద్దరు కింద దొరకాల్సిన దాని కోసమే ఎక్కుతున్నారు. నాగలి కర్రు సాన పట్టించడానికి, జ్వరం మాత్రకి, పిల్లకి బడి కోసం, మగ్గానికి అచ్చు కోసం. ఇవన్నీ ఒకప్పుడు రెల్లిగెడ్డలో ఉన్నవే. కమ్మరి, బడి, నలభై మగ్గాలు. అన్నిటినీ మనమే పైకి లాక్కున్నాం.” పుస్తకాన్ని పక్కకి జరిపి అన్నారు: “మనం కాదు. నేను. మంచి వీధులు వేస్తే జనం వస్తారని నాకు తెలుసు. వేశాను, వచ్చారు. వాళ్ళు వచ్చిన చోట ఏం మిగిలిందో చూడలేదు.”

“మీరు వేసిన వీధి లేకపోతే నేను ఇంకా ఎక్కడుండేదాన్నో,” అన్నాను. నిజంగానే అన్నాను.

“అది కూడా నిజమే. అందుకే కష్టంగా ఉంది,” అని పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

జ్యేష్ఠం 5

కౌన్సిలు సమావేశం. లెక్కలు నావి కాబట్టి నన్నూ పిలిచారు. నాలుగో మెట్టు ఆపేయాలని దమయంతి గారే ప్రతిపాదన పెట్టారు. దాన్ని గీసిన చేతితోనే.

భుజంగరావు గారు లేచారు. కోపంగా లేరు, బాధగా ఉన్నారు. “అమ్మా, పనిమంతులు పక్కపక్కన ఉంటేనే కొత్త పని పుడుతుందని ముప్పై ఏళ్ళుగా మాకు చెప్పింది మీరు. పంపుల వీధి మీ గీతే. దానివల్లే కదా ఈ ఆసుపత్రి, ఈ కాలేజీ, ఆ పాము మందు. ఇప్పుడు అందరినీ చెల్లాచెదురు చేయమంటారా?”

“చెల్లాచెదురు కాదు. పనిశాలలు రెల్లిగెడ్డలో ఒకేచోట, ఒకే వీధిగా వేద్దాం. అది కుదిరితే మిగతా రెండు దిగువ స్టేషన్లలోనూ. పంపుల వీధి ఈ కొస నుంచి ఆ కొసకి నడవడానికి ఇరవై నిమిషాలు. తీగ సరిగా తిరిగితే రెల్లిగెడ్డకి పద్దెనిమిది. కింద మేస్త్రికి సందేహం వస్తే పొద్దున్న ఎక్కి, అడిగి, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు.”

“తీగ సరిగా తిరగడానికి నీళ్ళేవి?”

“ముప్పై వేల మంది ఇక్కడ తాగబోయే నీళ్ళు. అవి దిగితే తీగ తిరుగుతుంది, చేను పండుతుంది. మనం వాడి పారబోసిన నీళ్ళను తుంగమడుల్లో వడకట్టి అవీ దించుదాం. తీగకి మంచినీళ్ళే కావాలని లేదు.”

ఒకాయన, “ఊరు పెరగడం ఆగితే చచ్చిపోతుంది,” అన్నాడు.

దమయంతి గారు నా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టారు. “పోయిన నెల సరుకు రాక రెండు రోజులు అంగడి మూతపడింది. ఎందుకో చదవండి.”

అప్పుడు భుజంగరావు గారు అడగాల్సిన ప్రశ్న అడిగారు. “నాలుగో మెట్టు మీద ఇంటికి పేర్లు రాయించుకున్న ముప్పై వేల మంది సంగతి?”

“వాళ్ళకి మాటిచ్చింది నేను,” అన్నారు దమయంతి గారు. “ఆ మాట తప్పుతున్నాను. మూడు దిగువ స్టేషన్లకీ వెళ్ళి, వాళ్ళ ముందే నిలబడి చెప్తాను. ఇంకెవరినీ పంపను.”

ఓట్లు: అవుననేవారు ఇరవై ఒక్కరు, కాదనేవారు పదహారు మంది.

జ్యేష్ఠం 12

పిన్ని ఫోనులో చెప్పింది. రెల్లిగెడ్డ స్టేషను ముందు రెండువేల మంది పోగయ్యారట. దమయంతి గారు ధాన్యం బస్తాల మీద నిలబడి చెప్పారట. ఇల్లు ఎక్కడ వస్తుందని ఫాల్గుణంలో నమూనా దగ్గర అడిగినామె ముందుకొచ్చి, “పన్నెండేళ్ళు ఎదురుసూసినాను. ఎండొచ్చే మూల సూపించినావు గదమ్మా. ఇప్పుడు లేదంతావా?” అని గుండెలు బాదుకుందట.

“మరి దమయంతి గారేమన్నారు?”

“ఏటంతాది? కిందికి దిగి ఆ మనిసి కాడ నిలబడి, నీ పేరేటి, నువ్వేటి పని సేత్తావు అనడిగింది. అది సీరలకి అద్దకమేత్తాదట. అయితే ఇక్కడ మొదటి సాల నీదే, కొలతలు నువ్వే సెప్పు, నాను కట్టిత్తాను అంది. అదింకా ఏడుత్తానే ఉన్నాది గానీ సెప్పింది. ఎనకనుంచి ఎవడో మట్టిబెడ్డ ఇసిరినాడు. ఈపుకి తగిలినాది. ఆవిడ ఎనక్కి కూడా సూళ్ళేదే లోలాచ్చీ.”

ఫోను పెట్టేశాక చాలాసేపు బుట్టల సంఖ్యలు కలపలేకపోయాను.

ఆషాఢం 18

వాన. నాలుగో మెట్టు పునాది విప్పుతున్నారు. ఆ రాళ్ళనే బుట్టల్లో దించుతున్నాం. ఒక్కో రాయి దిగుతూ ఒక్కో బస్తా చోళ్ళను పైకి లాగి, కింద పనిశాల గోడలో కూర్చుంటోంది. స్టేషను వెనక అత్యవసరపు గుట్టను మాత్రం ముందుగా నింపించారు. నా అభ్యంతరపు చీటీ మీద ఇప్పుడు జవాబు వచ్చింది. దమయంతి గారి చేతిరాత: ‘తప్పు మాది.’

ఇవాళ నూట యాభై రెండు బుట్టలు.

భాద్రపదం 27

రెల్లిగెడ్డలో రెండు పడకల ఆసుపత్రి తెరిచారు. పాము మందు అక్కడే ఉంటుంది. బడి మళ్ళీ మొదలైంది. అద్దకం శాల, కర్రుల శాల పని చేస్తున్నాయి. అద్దకం వాళ్ళకి రంగు నిలవడం లేదని మొన్న ఇద్దరు పైకి వచ్చి పంపుల వీధి కుమ్మరిని కలిశారు. కుమ్మరి వాళ్ళతోపాటు దిగి చూసి, అక్కడి ఎర్రమట్టిలో ఏదో ఉందని సంచిలో తెచ్చుకున్నాడు. ఏమవుతుందో తెలీదు. కానీ నేను ‘దిగిన కారణం’ అని కొత్త గడి గీయాల్సి వచ్చింది.

అన్నీ సవ్యంగా లేవు. ఇళ్ళకి పేర్లు రాయించుకున్నవాళ్ళలో కొన్ని వందల మంది వేరే కొండ ఊళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళు దమయంతి గారిని క్షమించలేదు. ఆవిడా క్షమించమని అడగలేదు.

కార్తీకం 14

ఇవాళ నాకు సెలవు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి బుట్టలో కూర్చుని దిగాను. నా బరువు గౌరీశు రాశాడు, రెండు కిలోలు ఎక్కువే రాశాడనుకుంటాను.

సన్యాసమ్మ పిన్ని గొంతుకీ మనిషికీ పోలిక లేదు. గొంతు గంటలా ఉంటుంది, మనిషి నా భుజం దాకా కూడా రాదు. “ఒలమ్మ, నువ్వింత పొడుగేటే!” అని నవ్వింది. చేయి పట్టుకుని స్టేషను వెనకాల మైదానానికి లాక్కెళ్ళింది. అక్కడ కొత్త అంగడి వీధికి గీత గీస్తున్నారు.

దమయంతి గారు సున్నం డబ్బా పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ఉద్యోగం వదిలేసి నెలైంది. ఇప్పుడు జీతం లేదు, హోదా లేదు, చుట్టూ మాత్రం యాభై మంది. నలభై అడుగుల వెడల్పు గీసి, “చాలా?” అని అడిగారు.

“సాలదు,” అన్నాడు ఒక బండి తోలేవాడు. “రెండు బళ్ళు ఎదురొత్తే తిరగొద్దా?”

“నా గేదె కూడా ఇటే ఎల్తాది,” అంది పిన్ని.

దమయంతి గారు కాలితో గీత చెరిపేశారు. ముప్పై ఏళ్ళు గీతలు గీసిన మనిషి ఇంత సులువుగా చెరిపేయగలదని నేను అనుకోలేదు. “అయితే అరవై,” అన్నారు. చుట్టూ చూసి, “లోలాక్షీ, తాడు ఈ కొస పట్టుకో. బిగువుగా,” అన్నారు.

పట్టుకున్నాను. రెండో కొస ఎవరిదో అని అటు చూశాను. పంచె ఎగగట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని ఒక మనిషి మడికట్టు దాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. భుజంగరావు గారు. పొద్దున్నే దిగారట, తన ప్రెస్సుకి ఇక్కడ రెండో షెడ్డు వేసే చోటు చూసుకోవడానికి.

“ఓటులో ఓడిపోయాను కదా. ఓడిపోయింది ఎక్కడో చూసుకుందామని వచ్చాను,” అని అక్కడి నుంచే అరిచారు. “అరవై అయిందా అమ్మా?”

“ఇంకో నాలుగడుగులు,” అన్నారు దమయంతి గారు.

ఆయన ఇంకో నాలుగడుగులు వెనక్కి నడిచారు. తాడు నా చేతిలో బిగుసుకుంది. ఆవిడ వంగి సున్నం పోయడం మొదలుపెట్టారు.